వేంపల్లె ఎండలోనూ పసిబిడ్డకు చలే!

మే నెల మిట్టమధ్యాహ్నం వేంపల్లె బస్టాండులో నీడ వెతుక్కునే మనిషిని ఆపి, "ఈ ఊళ్లో పసిబిడ్డలకు చలితో ప్రాణం మీదికొస్తుంది తెలుసా?" అని అడిగితే ఎగాదిగా చూసి పోతాడు. గండి కొండల రాళ్లు పగలంతా కాగి పొద్దు వాలినా సెగలు కక్కుతుంటాయి. పాపాఘ్ని ఇసుకలో వట్టి కాళ్లు పెట్టలేం. కడప జిల్లాలో వేసవంటే నలభై డిగ్రీలు దాటాల్సిందే. అయినా ఆ మాట నిజమే. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డకు మొదటి శత్రువు చలి. ఆ చలికి డిసెంబరు రానక్కర్లేదు, పురిటి గదిలో తిరిగే ఫ్యాను చాలు.

పసిబిడ్డల ఒంటి వేడి మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలు కలిపి 2013లో ఒక సమీక్ష వేశారు. ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డల్లో ఒంటి వేడి తగ్గినవాళ్లు కొన్నిచోట్ల 32 శాతం, కొన్నిచోట్ల 85 శాతం దాకా తేలారు. మంచు కురిసే దేశాలకే పరిమితమైన లెక్క కాదిది, మనలాంటి ఎండ దేశాల్లోనూ ఇదే బాధ. మంచు దేశాల వాళ్లు చలిని నమ్ముతారు కాబట్టి గది వేడి చేసుకుంటారు. మనకు నమ్మకమే లేదు.

35 డిగ్రీలైతేనే హాయి

కిలో బరువున్న బిడ్డ ఒంటి మీద బట్ట లేకుండా, తన వేడిని తాను కష్టపడకుండా నిలుపుకోవాలంటే తొలిరోజుల్లో చుట్టూ ఉన్న గాలి 35 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే మనం చెమటలు కక్కుతూ విసనకర్ర అందుకునే వేడి ఆ బిడ్డకు సరిగ్గా సరిపోతుంది. మనకు హాయిగా ఉండే 27 డిగ్రీల గది దానికి చలిగది.

కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఒళ్లు తల్లి ఒంటికన్నా అర డిగ్రీ వేడిగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఉన్నట్టుండి తడి ఒంటితో బయటి గాలిలోకి వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే నిమిషానికి 0.2 నుంచి 1 డిగ్రీ దాకా చర్మం వేడి పడిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బొడ్డు కోసి, తూకం వేసి, "ఆడబిడ్డా మగబిడ్డా" అని బయట వాకబు చేసేవాళ్లకు సమాధానం చెప్పి వచ్చేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

వేడి నాలుగు దారుల్లో పోతుంది. ఒంటి తడి ఆరుతూ పోతుంది, చల్లని తూకపు పళ్లెం మీద పడుకోబెడితే దానిలోకి పోతుంది, ఫ్యాను గాలి ఎత్తుకుపోతుంది, దగ్గర్లోని చల్లని గోడ వైపు ముట్టుకోకుండానే పోతుంది. వీటిలో మొదటిది మనకు బాగా తెలిసిందే. ఎండాకాలం కుండలో నీళ్లు చల్లబడేది కుండ ఒళ్లు చెమర్చి ఆరడం వల్లనే కదా! తడి బిడ్డకు జరిగేదీ అదే. ఒక మిల్లీలీటరు నీరు ఒంటి మీంచి ఆవిరైతే దాదాపు 0.58 కిలోకేలరీల వేడి దానితో పోతుంది. 30 వారాలకు ముందే పుట్టిన బిడ్డ చర్మం ఎంత పలచనంటే లోపలి నీరు కూడా దానిగుండా ఊరి ఆవిరవుతుంటుంది. అందుకే మామూలుగా పుట్టగానే పొడి గుడ్డతో తుడిచి, ఆ తడిసిన గుడ్డను అవతల పారేసి, ఇంకో పొడి గుడ్డ చుట్టాలి. మొదటి గుడ్డలోనే చుట్టి ఉంచడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

వణకడం రాని ప్రాణి

మనకు చలేస్తే వణుకుతాం. వణుకు వేడి పుట్టిస్తుంది. పసిబిడ్డకు వణకడం రాదు. దానికి బదులు ప్రకృతి ఇచ్చింది గోధుమ రంగు కొవ్వు. మెడ వెనుక, భుజాల ఎముకల మధ్య, చంకల్లో, మూత్రపిండాల చుట్టూ ఈ కొవ్వు పేరుకుంటుంది. దానికి ఒకటే పని, కరిగి వేడి ఇవ్వడం. అయితే ఈ కొవ్వు కడుపులో చివరి మూడు నెలల్లోనే పోగవుతుంది. ఏడో నెలలో బయటపడిన బిడ్డకు ఆ నిల్వ దాదాపు లేనట్టే. ఉన్న కాస్తా కరగాలంటే ఆక్సిజన్ కావాలి, చక్కెర కావాలి. ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదు, పాలు తాగే బలం లేదు. చలి తగిలిన బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోవడం, ఆయాసం రావడం, పాలు మానెయ్యడం ఒకదాని వెంట ఒకటి వచ్చేది ఇందుకే.

అమెరికాలో కిలోన్నర లోపు బిడ్డల మీద జరిగిన పరిశీలన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఐసీయూలో చేరేటప్పటికి బిడ్డ ఒంటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ చనిపోయే ముప్పు 28 శాతం చొప్పున పెరిగిందని తేలింది. అన్ని యంత్రాలూ, అందరు నిపుణులూ ఉన్న చోటే ఇదీ లెక్క.

చేతి వెనుక వైపుతో ముట్టి చూడండి

బిడ్డ చల్లబడిందో లేదో తెలుసుకోవడానికి ఆశా కార్యకర్తలకు నేర్పే కిటుకు ఒకటుంది. అరచెయ్యి కాదు, చేతి వెనుక వైపు వాడాలి. ముందు పొట్ట, తర్వాత పాదాలు. పొట్టా పాదాలూ రెండూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోందని అర్థం. రెండూ చల్లబడితే ఆలస్యం చెయ్యకూడదు. "కాళ్లు సల్లగుండాయి సూడు" అని మన అవ్వలు అనేది ఊరికే కాదు. పొట్ట సంగతి కూడా కలిపితే అది పూర్తి పరీక్షే.

అంకెల్లో చెప్పాలంటే 36.5 నుంచి 37.5 డిగ్రీలు, ఫారన్‌హీట్‌లో 97.7 నుంచి 99.5, బిడ్డకు మామూలు వేడి. 36.5 కన్నా తగ్గితేనే చలి పట్టినట్టు లెక్క. 36 కన్నా దిగితే ఓ మోస్తరు ప్రమాదం, 32 కన్నా దిగితే ప్రాణాపాయం. ఇంట్లో ఉండే పాత పాదరసం థర్మామీటరుతో చిక్కు ఏమిటంటే, దాని గీతలే 35 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. జ్వరం చూడటానికి చేసిన వస్తువది, చలి చూడటానికి కాదు. బిడ్డ 33లో ఉన్నా అది చెప్పలేదు. డిజిటల్‌ది కొనేటప్పుడు కూడా అది ఎంత కిందికి చూపగలదో అడిగి కొనడం మంచిది.

ఏడో నెల బిడ్డ, ఎనిమిదో నెల బిడ్డ

"ఏడో నెలలో పుట్టినోడు బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుడితే కష్టం" అనే మాట జమ్మలమడుగు నుంచి శ్రీకాకుళం దాకా వినబడుతుంది. ఇదేదో మనవాళ్లే పుట్టించిన నమ్మకం అనుకోవద్దు. రెండు వేల ఏళ్లకు పైబడిన గ్రీకు వైద్యగ్రంథాల్లో, హిప్పోక్రటీస్ పేరు మీద నడిచే పుస్తకాల్లో, ఎనిమిదో నెల బిడ్డ గురించే ప్రత్యేకంగా ఒకటి ఉంది. అందులోనూ ఇదే నమ్మకం. అక్కడా ఇక్కడా తప్పే. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డకు మేలే. 34 వారాల బిడ్డ 30 వారాల బిడ్డకన్నా ఎప్పుడూ మెరుగే. ఈ నమ్మకంతో వచ్చే చేటు ఏమిటంటే, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ మీద ముందే ఆశ వదిలేసి పక్కన పడుకోబెట్టడం. కాస్త వెచ్చగా ఉంచి పాలు పట్టిస్తే దక్కే బిడ్డలే వాళ్లలో ఎక్కువ.

కోడిపిల్లల పెట్టెలోంచి మనిషి పిల్లల పెట్టె

మన దగ్గర "బిడ్డను పెట్టెలో పెట్టినారు" అంటారు చూడండి, ఆ పెట్టె పుట్టింది కోళ్ల దగ్గర. పారిస్‌లో స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు జంతుప్రదర్శనశాలకు వెళ్లి గుడ్లు పొదిగే యంత్రం చూశాడు. దాన్ని తయారుచేసిన ఒదీల్ మార్తాన్‌ను పిలిచి, ఇలాంటిదే బిడ్డలకు చేసిపెట్టమన్నాడు. 1880లో అది పారిస్ మెటర్నిటీ ఆసుపత్రికి వచ్చింది. కింద అరలో వేడినీళ్లు, వాటిని కాచడానికి దీపం, పైన గాజు మూత. ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టేవాళ్లు. అక్కడ 2 కిలోల లోపు బిడ్డల్లో అంతకు ముందు 66 శాతం చనిపోయేవాళ్లు. పెట్టె వచ్చాక అది 38 శాతానికి దిగింది. మందు లేదు, ఇంజెక్షన్ లేదు, మార్పల్లా వేడినీళ్లే.

తార్నియే కన్నా ముందూ ప్రయత్నాలు లేకపోలేదు. 1835 ప్రాంతంలో రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో ఒక రాజవైద్యుడు రెండు గోడల రేకు తొట్టి చేయించి, గోడల సందులో వేడినీళ్లు పోయించాడు. ఇంకా వెనక్కి పోతే ఇటలీలో 1577లో పుట్టిన ఫోర్చునియో లిచెతి కథ ఉంది. నెలలు నిండకుండా పుట్టిన ఈ బిడ్డను వైద్యుడైన తండ్రి పొయ్యిగూటి వెచ్చదనంలో పెంచాడంటారు. కథలో నిజమెంతో గానీ, ఆ బిడ్డ పెద్దయి పేరున్న పండితుడై దాదాపు ఎనభై ఏళ్లు బతికాడు.

తార్నియే శిష్యుడు పియెర్ బుదాన్ ఇంకో మంచి పని చేశాడు. తల్లులను పక్కకు నెట్టొద్దని పట్టుబట్టాడు. గాజు గోడలు పెట్టించి తల్లి చూస్తూ ఉండేలా, వచ్చి పాలిచ్చేలా ఏర్పాటు చేయించాడు. తల్లిని దూరం పెడితే ఆ తల్లి బిడ్డను మరిచిపోతుందని ఆయన భయం. వందేళ్ల తర్వాత కూడా మన ఐసీయూల గుమ్మాల దగ్గర చెంగు ముడుచుకుని నిలబడే తల్లులను చూస్తే బుదాన్‌కు ఏమనిపించేదో.

తిరనాళ్లలో బిడ్డల ప్రదర్శన

ఈ విశేషాల్లో వింతైనది ఇదే. అమెరికాలో నలభై ఏళ్లపాటు నెలలు నిండని బిడ్డలను తిరనాళ్లలో డబ్బులు తీసుకుని చూపించారు. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్ అనే వినోదాల తీరంలో, రంగులరాట్నాల పక్కన, మార్టిన్ కూనీ అనే ఆయన 1903 నుంచి 1943 దాకా ఈ ప్రదర్శన నడిపాడు. టికెట్టు 25 సెంట్లు. లోపల గాజుపెట్టెల్లో నిజమైన బిడ్డలు, తెల్లబట్టల నర్సులు. జనం వరసకట్టి చూసిపోయేవాళ్లు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో కూడా పెట్టాడు.

తిట్టబోయే ముందు మిగతాది వినండి. ఆ రోజుల్లో అమెరికా ఆసుపత్రుల్లో ఎక్కువ చోట్ల ఈ బిడ్డలకు చోటే లేదు. కూనీ ఒక్క తల్లిదండ్రుల దగ్గరా పైసా తీసుకోలేదు. జనం కొన్న టికెట్ల డబ్బే బిడ్డల ఖర్చు. తన దగ్గరికొచ్చిన ఎనిమిది వేల మందిలో ఆరున్నర వేల మందిని బతికించానని చెప్పుకునేవాడు. ఆయన సొంత కూతురు కూడా నెలలు నిండకుండా పుట్టి ఆ పెట్టెల్లోనే పెరిగింది. 1911లో పక్కనున్న డ్రీమ్‌ల్యాండ్ అనే వినోదశాల కాలిపోతే అక్కడి బిడ్డలందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. కూనీ అసలు డాక్టరే కాదని, పట్టా ఎక్కడా దొరకలేదని ఇప్పటి చరిత్రకారులు చెబుతున్నారు. పట్టా లేని మనిషి వేల మందిని కాపాడితే, పట్టాలున్న పెద్దలు "బలహీనులు ఎలాగూ పోతారు" అని చూస్తూ ఊరుకున్నారు. నాకైతే కూనీ మీదే గౌరవం.

మూడు డిగ్రీల తేడా

పెట్టె ఉంటే సరిపోదు, అందులో ఎంత వేడి పెట్టాలన్నది చాలాకాలం ఊహే. 1958లో న్యూయార్క్‌లో విలియం సిల్వర్‌మన్ బృందం కొందరు బిడ్డలను 28.9 డిగ్రీల పెట్టెల్లో, కొందరిని 31.7 డిగ్రీల పెట్టెల్లో ఉంచి చూసింది. చల్లని పెట్టెల్లో 68 శాతం, వెచ్చని పెట్టెల్లో దాదాపు 84 శాతం మంది దక్కారు. మూడు డిగ్రీలైనా లేని తేడా అది.

పాలిథిన్ సంచి

కూరగాయలు తెచ్చుకునే సంచి లాంటిదే పుట్టిన బిడ్డకు మొదటి దుప్పటి అంటే నమ్ముతారా? 32 వారాల లోపు బిడ్డ పుట్టగానే, తుడవకుండానే, మెడ దాకా శుభ్రమైన పారదర్శక పాలిథిన్ సంచిలో పెట్టి, పైనుంచి వేడి ఇచ్చే వార్మర్ కింద ఉంచుతారు. తల మాత్రం బయటే ఉంటుంది. దాన్ని తుడిచి టోపీ పెడతారు. లోపలి తడి ఆవిరై బయటికి పోలేదు కాబట్టి వేడి నిలుస్తుంది. 1990ల చివర కెనడాలో పరీక్షించి చూసిన పద్ధతి ఇది. ఇప్పుడు ప్రపంచమంతా పురిటి గదుల్లో వాడుతున్నారు. తుడవాలన్న నియమానికి మినహాయింపు ఈ చిన్న బిడ్డలకే. ముఖం ఎప్పుడూ సంచి బయటే ఉండాలి. ఇది ఆసుపత్రిలో చేసే పని తప్ప ఇంట్లో చేసి చూసేది కాదు.

తల్లి రొమ్ముల మధ్య

1978. కొలంబియా రాజధాని బొగోటాలో పేదల ప్రసూతి ఆసుపత్రి. పెట్టెలు చాలవు, ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు బిడ్డలు, ఒకరి జబ్బు ఇంకొకరికి. డాక్టర్ ఎద్గార్ రేయ్ సనాబ్రియా ఇక చేసేది లేక బిడ్డలను తీసి తల్లుల గుండెల మీదే కట్టించాడు. అలా పుట్టింది కంగారూ మదర్ కేర్. మన ఆసుపత్రుల్లో సిస్టర్లు "కేఎంసీ ఇచ్చినావామ్మా?" అని అడిగేది దీన్నే.

ఎలా ఇస్తారంటే, తల్లి వెనక్కి వాలే కుర్చీలో కూర్చుంటుంది. జాకెట్టు ముందు వైపు తెరిచి ఉంటుంది. బిడ్డకు టోపీ, సాక్సులు, చిన్న గోచీ గుడ్డ తప్ప ఏమీ ఉండవు. రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉండేలా ఆనిస్తారు. గడ్డం గుండెకు ఒరిగిపోతే ఊపిరి ఆడదు, సిస్టర్లు మాటిమాటికీ చూసేది దాన్నే. పైన మెత్తని గుడ్డ చుట్టి, తల్లి చెంగు కప్పుతారు. పది నిమిషాలకు బిడ్డ పిడికిలి సడలుతుంది. ఇంకాసేపటికి మూతి కదిలిస్తూ పాల కోసం వెతుకుతుంది. నీలంగా ఉన్న పాదాలకు రంగు వస్తుంది. వార్డులో అత్తగార్లు మొదట మొహం చిట్లిస్తారు, "ఇదేం చోద్యం, బిడ్డను బట్టల్లేకుండా!" అని. రెండో రోజుకు వాళ్లే గుడ్డ సర్దుతుంటారు.

తల్లి రొమ్ము ఊరికే వెచ్చగా ఉండదు, బిడ్డను బట్టి తన వేడి మార్చుకుంటుంది. బిడ్డ చల్లబడితే వేడెక్కుతుంది, బిడ్డ సర్దుకుంటే తగ్గుతుంది. కవలలను చెరో వైపు ఆనించి కొలిస్తే, ఏ రొమ్ము ఆ బిడ్డకు తగినట్టు వేరువేరుగా వేడి మారిందని 2006లో ఒక అధ్యయనం చెప్పింది. లక్షలు పోసి కొనే సర్వో కంట్రోల్ వార్మర్ చేసేది కూడా ఇదే పని. దానికి కరెంటు కావాలి, బిడ్డ పొట్ట మీద వేడి కొలిచే ప్రోబ్ ఊడకుండా ఉండాలి.

ఇది పేదల సర్దుబాటు అనుకునే రోజులు పోయాయి. ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 3,211 మంది బిడ్డలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష నడిపింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. పుట్టినప్పుడు కిలోకు పైన, 1.8 కిలోలకు లోపు ఉన్న బిడ్డలు వాళ్లంతా. పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కేఎంసీ మొదలుపెట్టిన వాళ్లలో నెల లోపు మరణాలు 12 శాతం. పాత పద్ధతిలో పెట్టెలోనో వార్మర్ కిందో ఉంచి తర్వాత తల్లికిచ్చిన వాళ్లలో 15.7 శాతం. లాభం ఇంత స్పష్టంగా కనబడుతుంటే కొందరికి ఇవ్వకుండా ఉండటం న్యాయం కాదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సలహా ఇచ్చింది: నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు పుట్టిన వెంటనే, రోజుకు 8 నుంచి 24 గంటలు కేఎంసీ ఇవ్వాలని. ఊపిరి తీసుకోలేని, పరిస్థితి విషమించిన బిడ్డలకు మాత్రం ముందు చికిత్స.

ఇంటి దగ్గర కూడా ఇది పనిచేస్తుంది. హర్యానాలో 8,402 మంది తక్కువ బరువు బిడ్డల మీద జరిగిన పరిశోధన 2019లో వచ్చింది. ఇళ్ల దగ్గర నేర్పించి చేయించిన కేఎంసీ వల్ల నెల లోపు మరణాలు 30 శాతం తగ్గాయి. తల్లి ఒక్కతే 24 గంటలు కూర్చోలేదు. నాయన చెయ్యొచ్చు, అవ్వ చెయ్యొచ్చు, పిన్నమ్మ చెయ్యొచ్చు. మగవాళ్ల ఒంటి వేడి కూడా 37 డిగ్రీలే. చొక్కా విప్పడానికి సిగ్గుపడే నాయనలు పొలంలో ఎలా ఉంటారో గుర్తు చేసుకుంటే చాలు.

బెంగళూరు మైనం

ఎక్కడో పుట్టినా మన పక్కనే బెంగళూరులో పెరిగిన వస్తువు ఒకటి చెప్పాలి. అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2007లో ఒక తరగతిలో విద్యార్థులకు పని ఇచ్చారు: పెట్టె ఖరీదులో వందో వంతుకు పనిచేసేది చెయ్యండి అని. జేన్ చెన్, రాహుల్ పానికర్, నాగానంద్ మూర్తి, లైనస్ లియాంగ్ చేసింది ఎంబ్రేస్ అనే బిడ్డల సంచి. లోపల మైనం లాంటి పదార్థపు పొట్లం. దాన్ని వేడిచేస్తే కరుగుతుంది. గట్టిపడుతూ 37 డిగ్రీల దగ్గరే నాలుగు నుంచి ఆరు గంటలు వేడి వదులుతుంది. కరెంటు పోయినా పనిచేస్తుంది, బండిలో తీసుకుపోవచ్చు. వాళ్లు బెంగళూరులో మకాం వేసి ఇక్కడి ఆసుపత్రుల్లో తిరిగి దాన్ని సరిచేసుకున్నారు. అదే ఊళ్లో బెంపు అనే సంస్థ బిడ్డ చేతికి కట్టే పట్టీ చేసింది. బిడ్డ చల్లబడితే నారింజ దీపం వెలిగి మోగుతుంది.

కుంపటి, సాంబ్రాణి, వేడినీళ్ల సీసా

బాలింత గది వెచ్చగా ఉండాలని పెద్దలు చెప్పింది సరైన మాటే. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కడం, పాత చీరలు ఉతికి ఆరబెట్టి పొత్తిగుడ్డలు చెయ్యడం, బిడ్డను దూదిలో చుట్టడం, తల్లి పక్కలోనే పడుకోబెట్టడం, వీటన్నిటి వెనుక అనుభవముంది. తప్పు జరిగేది మిగతా మూడు చోట్ల. మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూస్తే గదిలో చేరేది విషవాయువు. దానికి వాసన ఉండదు, బాలింతకూ బిడ్డకూ కలిపి ముప్పు. సాంబ్రాణి పొగ నెలలు నిండని ఊపిరితిత్తులకు పనికిరాదు. పక్కన పెట్టే వేడినీళ్ల సీసా బిడ్డ పలచటి చర్మాన్ని కాలుస్తుంది, చల్లారాక బిడ్డ వేడినే లాక్కుంటుంది.

నూనె సంగతి వేరు. మెల్లగా నూనె రాయడం చర్మంలోంచి తేమ పోకుండా కొంత ఆపుతుంది. బరువు తక్కువ బిడ్డలకు నూనె రాయడాన్ని పరిశీలించవచ్చని 2022 సలహాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. నూనె రాసి, నలుగు పెట్టి, ఆపైన చెంబులకొద్దీ నీళ్లు పొయ్యడంలోనే ఉంది చేటంతా.

ఎండాకాలం తిప్పలు ఇంకో రకం. వేంపల్లెలో మేలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేళ బిడ్డకు మూడు గుడ్డలు, ఉన్ని టోపీ, కంబళి చుడితే ఒళ్లు 37.5 దాటిపోతుంది. అదీ ప్రమాదమే. కేఎంసీలో ఉన్న బిడ్డకు ఈ బాధ తక్కువ. రాత్రి కూలర్ వేసినప్పుడు అదే బిడ్డ చల్లబడుతుంది. పగలూ రాత్రీ ఒకే లెక్కన చుట్టకుండా చెయ్యి పెట్టి చూసి గుడ్డలు తగ్గిస్తూ పెంచుతూ ఉండాలి.

చల్లబరిచే వైద్యం కూడా ఉంది

పుట్టగానే ఏడవక, మెదడుకు ఆక్సిజన్ అందక దెబ్బతిన్న బిడ్డలను కావాలనే 33.5 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు ఉంచే చికిత్స ధనిక దేశాల్లో ఉంది. అది నెలలు నిండిన బిడ్డలకే. మన దగ్గర పనిచేస్తుందా అని ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో చూస్తే, 2021లో వచ్చిన ఫలితం తలకిందులుగా ఉంది: చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, మామూలుగా ఉంచిన వాళ్లలో 31 శాతం మరణాలు. పడమటి దేశాల పద్ధతి ఇక్కడికి యథాతథంగా రాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

వేంపల్లె నుంచి కడప దాకా

2020లో ప్రపంచంలో 1.34 కోట్ల మంది నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే. వాళ్ల కోసం దేశంలో మెట్లు మెట్లుగా ఏర్పాటు ఉంది. కాన్పు జరిగే ప్రతి చోటా వార్మర్ ఉన్న ఒక మూల ఉండాలి. సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) స్థాయిలో చిన్న యూనిట్, జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూ అనే పసిబిడ్డల ప్రత్యేక చికిత్సా విభాగం ఉండాలి. దేశంలో మొదటి ఎస్‌ఎన్‌సీయూ 2003లో పశ్చిమ బెంగాల్‌లోని వెనుకబడ్డ జిల్లా పురూలియాలో మొదలైంది. 1.8 కిలోల లోపు, లేదా 34 వారాల లోపు బిడ్డలను అక్కడికి పంపాలని నియమం. వేంపల్లెలో అలాంటి బిడ్డ పుడితే కడప రిమ్స్‌కు పోవాలి. యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ దారి.

ఆ దారిలోనే వేడి పోతుంది. ఆటోలో, కిటికీ తెరిచిన కారులో, తువ్వాలులో చుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని గంటకు పైగా పోతే చేరేసరికి బిడ్డ ఏ స్థితిలో ఉంటుందో ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్లను అడగాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవలో, 2020 జులై 1న కొత్తగా వచ్చిన 412 అంబులెన్సుల్లో 26 పసిబిడ్డల కోసమే చేసినవి. అప్పటి 13 జిల్లాలకు సగటున రెండేసి. అది వచ్చేలోగానైనా, వేరే బండిలోనైనా, తల్లి ప్రయాణం చెయ్యగలిగితే బిడ్డను ఆమె గుండెకు కట్టి పంపడమే మేలు. అన్నిటికన్నా మేలు, నెలలు నిండకముందే నొప్పులు మొదలైతే కాన్పుకు ముందే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చడం. జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పుకూ, జబ్బుపడిన పసిబిడ్డ వైద్యానికీ, ప్రయాణానికీ డబ్బు కట్టక్కర్లేదు. 2011 నుంచి ఇదే నియమం.

ఎంత చిన్న బిడ్డ బతుకుతుంది? 2018లో హైదరాబాద్ రెయిన్‌బో ఆసుపత్రిలో 25 వారాలకు 375 గ్రాముల బరువుతో పుట్టిన ఆడబిడ్డ నాలుగు నెలలకు పైగా అక్కడే ఉండి క్షేమంగా ఇల్లు చేరింది.

స్నానం ఎప్పుడు?

బిడ్డను చూడటానికి వచ్చే చుట్టాలు పేరు తర్వాత అడిగే ప్రశ్న ఇది. నెలలు నిండిన బిడ్డకైనా మొదటి 24 గంటలు నీళ్లు పొయ్యకూడదు. ఒంటికున్న తెల్లటి జిగురు రుద్ది తీయకూడదు, అది చర్మానికి కాపు. నెలలు నిండని బిడ్డకు డాక్టరు చెప్పేదాకా, మామూలుగా రెండు కిలోలు దాటేదాకా, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెడితే చాలు. కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మీ ఇంటికి వస్తుంది. సంచిలో థర్మామీటరు, తూకం ఉంటాయి. గుమ్మంలోనే నిలబెట్టి పంపకుండా లోపలికి పిలవండి, బిడ్డ పొట్టా పాదాలూ చూడమనండి. ఎనిమిదో నెలలోనో అంతకు ముందో నొప్పులు వస్తే మాత్రం ఆమె కోసం చూడొద్దు. 108కు ఫోన్ చేసి, మొదటి మాటగా "నెలలు నిండలేదు" అని చెప్పండి.